బొట్టు పెట్టి పిలిచిన బొమ్మల పుస్తకాలు

ఒక వాడకట్టునంతా మిట్టమధ్యాహ్నం ఖాళీ కడుపులతో మా వాకిట్లో కూర్చోబెట్టిన ఘనత నాది. కరువు రాలేదు, వరద రాలేదు. నేను రెండు బొమ్మల పుస్తకాలు కొన్నాను, అంతే. మీరు నమ్మరని తెలుసు. మా అత్తమ్మ కూడా మొదట నమ్మలేదు. కాస్త కుదురుగా కూర్చుని వినండి. ముందే భోంచేసి కూర్చుంటే మరీ మంచిది.

అప్పటికి నా పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. మాది నల్లగొండ పక్కన పానగల్లు. మెట్టింది మోత్కూరు దగ్గర ఒక ఊరికి. డీఎడ్ చదివిన తల, ఆ చదివింది ఎవరికి చెబుదామా అని దురద పెట్టే నోరు, ఈ రెండూ సారెతో పాటు పుట్టింటి నుంచి తెచ్చుకున్నాను. టీచరు ఉద్యోగాల నోటిఫికేషనేమో ఇవాళ, రేపు అని ఊరిస్తుండేది. అది వచ్చేలోపు ఊరికే కూర్చోవడం దేనికని, ఇంటి ముందరి అర్రలో వాడకట్టు పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు పెడతానని అత్తమ్మను అడిగాను. పెళ్ళయ్యాక నేను ఆ ఇంట్లో నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది.

మా అత్తమ్మ పేరు యాదమ్మ. ఆమె మాట ఇంట్లోనే కాదు, వీధి మలుపు దాకా చెల్లుతుంది.

"పుస్తకాలకు అర్ర దేనికే శైలజా? సంచిల పెట్టుకో," అంది.

"పిల్లలు కూసోవాలె కదత్తమ్మా. బొమ్మలు చూసుకుంట మంచి గుణాలు నేర్చుకుంటరు."

"గుణాలు నేర్చుకుంటరో, గోడలు గీకుతరో!" కాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. "పత్తి దిగేదాక పెట్టుకో. తర్వాత సంగతి తర్వాత చూద్దాం. నడుమల ఏదన్న లొల్లి అయ్యిందనుకో, గా రోజే నీ పుస్తకాలు అటుక మీదికి పోతయి."

ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు కాబట్టే ఈ కథ.

నల్లగొండలో పుస్తకాల ప్రదర్శన పెడితే మా ఆయన రమేశ్‌ను బండితో సహా లాక్కుపోయాను. ఆ రోజు నేను పుస్తకాలు ఎంచిన తీరు ముందు, పెళ్ళిచూపుల్లో మా అత్తమ్మ నన్ను ఎంచిన తీరు కూడా దిగదుడుపే. ముందు నుంచి చూశాను, వెనక నుంచి చూశాను. అక్షరాలు లావుగా ఉన్నాయా, బొమ్మల్లో మొహాలు నవ్వుతున్నాయా, పిల్లలు లాగితే కుట్టు ఊడుతుందా, అన్నీ చూశాను. చివరి పేజీలో "పిల్లలూ, ఇందులోని నీతి ఏమనగా" అని ఉన్నవాటిని అక్కడికక్కడే పక్కన పెట్టేశాను. నీతిని ముద్ద చేసి నోట్లో కుక్కకూడదు, పిల్లలే ఆడుతూ కనుక్కోవాలి అన్నది నా పట్టుదల. పంచుకోవడం నేర్పే పుస్తకం ఒకటి, ఊహను పెంచే పుస్తకం ఒకటి నాకు కావాలి.

"రెండిటికి కలిపి ఒకటే తీసుకోరాదు? ఎండ దంచుతాంది," అన్నాడు రమేశ్.

"పంచుకునుడు వేరు, ఊహించుడు వేరు. నీకు తెల్వదు."

"నాకిప్పుడు సల్లటి సోడా ఊహల కొస్తాంది. వస్తవా, పంచుకుందం?"

ఆయన సోడా ఆయన తాగాడు. నేను చివరికి రెండు పుస్తకాలు ఎంచాను. మొదటిదాంట్లో ఒక కుందేలుకు తనకంటే పెద్ద గుమ్మడికాయ దొరుకుతుంది. ఒక్కతే తినలేక గడప గడపకూ పోయి అడవి మొత్తాన్నీ భోజనానికి పిలుస్తుంది. రెండోదాంట్లో ఒక చిన్నపిల్ల ఖాళీ గంజులో గరిటె తిప్పుతుంటుంది. ఏ పేరు చెబితే ఆ వంటకం అందులో ఉన్నట్టే. మబ్బు ముక్కల కూర, వెన్నెల పాయసం, ఇంద్రధనుస్సు పచ్చడి. విడివిడిగా రెండూ ముచ్చటైన పుస్తకాలే. రెండింటినీ ఒకేరోజు చదవకూడదని మాత్రం ఏ అట్ట మీదా రాసి లేదు.

ఇక్కడ మా దిక్కు పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంట్లో శుభకార్యం ఉంటే ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలుస్తారు. ఫోన్లో చెబితే అది కబురే గాని పిలుపు కాదని మా అత్తమ్మ లెక్క. బొట్టు పెట్టించుకున్నాక రాకపోతే పిలిచిన ఇంటిని తక్కువ చేసినట్టు. వచ్చినవాళ్ళకు పెట్టకపోతే ఆ ఇల్లు ఇక తలెత్తుకోలేదు. పిలుపులకు బయల్దేరినప్పుడల్లా అత్తమ్మ మనుమరాలు అక్షితను వెంటబెట్టుకునేది. అక్షిత మా బావగారి కూతురు, అప్పుడే ఒకటో తరగతిలో చేరింది. అవ్వ చెబుతుంటే మనుమరాలు బొట్టు పెట్టేది. ఆ చిన్న బొటనవేలి బొట్టు పడిందంటే యాదమ్మ ఇంటి పిలుపేనని వాడకట్టంతా ఎరుగుదురు.

ఆదివారం పొద్దున అత్తమ్మ మోత్కూరు అంగడికి పోయింది. రమేశ్ బండి మీద తీసుకుపోయాడు. బావగారు, మా తోడికోడలు చేనులో కలుపు తీయడానికి పోయారు. మామ అరుగు మీద మంచమేసుకుని గుర్రు పెడుతున్నాడు. నా చుట్టూ పిల్లలు. కుందేలు పుస్తకం చదివాను. గంజు పుస్తకం చదివాను. అంతటితో ఆగి ఉంటే ఈపాటికి ఎవరికీ తెలియని మంచి మనిషిగా మిగిలిపోయేదాన్ని.

"ఇప్పుడు మనం ఆడుకుందం. అక్షితనే కుందేలు. అగో, గా స్తంభం ఒక ఇల్లు అనుకోండ్రి. నీళ్ళ గాబు ఇంకొక ఇల్లు. అందరినీ పగటికి దావత్‌కు పిలిచి రండ్రి."

అక్షిత స్తంభం దాకా పోయి వెనక్కి వచ్చింది. "ఉత్తగ పిలుస్తె ఎవ్వరు రారు చిన్నమ్మా. బొట్టు పెట్టాలె."

నా గుండె పొంగిపోయింది. చూశారా, పుస్తకాన్ని పిల్ల తన జీవితానికి ఎలా అతికించుకుందో! పరుగున పోయి దేవుడి అర్రలోంచి కుంకుమ భరిణె తెచ్చి, ఈ చేతులతోనే దాని చేతిలో పెట్టాను. పాఠాల పుస్తకాల్లో పిల్లలకు కత్తెర ఇవ్వొద్దని, అగ్గిపెట్టె ఇవ్వొద్దని రాస్తారు. కుంకుమ భరిణె సంగతి ఎవరూ రాయరు.

స్తంభానికి బొట్టు పడింది. నిద్రపోతున్న మామకూ పడింది. అంతలో పానగల్లు నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. అమ్మతో ఫోన్ అంటే తెలిసిందే కదా, బర్రె ఈనిన దగ్గర మొదలై పక్కింటివాళ్ళ గృహప్రవేశం దాకా పోతుంది. నేను మాట్లాడి వచ్చేసరికి వాకిట్లో స్తంభం తప్ప ఎవరూ లేరు. కాసేపటికి పిల్లల దండు ఆయాసపడుతూ ఉరికొచ్చింది.

"చిన్నమ్మా, అందరు వస్తమన్నరు!" అంది అక్షిత.

"అవునా? ఎవరెవరు వస్తాండ్రు?"

"సత్తెమ్మ పెద్దమ్మ వస్తనన్నది. కౌసల్యవ్వ కాళ్ళు గుంజుతున్నయంట, అయినా కట్టె పట్టుకోని వస్తదంట."

ఎంత చక్కగా ఊహిస్తోంది! మోకాళ్ళ నొప్పి కూడా వదల్లేదు!

"ఇంకా?"

"పోచయ్య తాత కూర ఏందని అడిగిండు. గుమ్మడికాయ అని చెప్పిన. మూతి తిప్పిండు, కాని వస్తనన్నడు."

నేను చప్పట్లు కొట్టాను. పక్కనున్న పిల్లలతో కూడా కొట్టించాను. "చూసిండ్రా, ఊహ అంటె గిట్లుండాలె!" అని అందరికీ చెప్పి, అక్షిత తల నిమిరి, మా ఇంట్లోవాళ్ళకు సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఆ ఎసరు చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఎండ నడినెత్తికి వచ్చింది. వాకిట్లో కట్టె చప్పుడైంది. ఉతికిన చీర కట్టుకుని కౌసల్యవ్వ వచ్చింది. వీధి చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మ. కొంగున కట్టిన జామపండ్లు విప్పి నా చేతిలో పెట్టింది.

"యాదక్క ఏది బిడ్డా?"

"అంగడికి పోయిందవ్వా. ఏమన్న పనా?"

"పనేముంటది, తిననీకె వచ్చిన," అని నవ్వి గోడకు ఆనుకుని కూర్చుంది. ముసలివాళ్ళు పరాచికాలాడుతుంటారు కదా అని నేనూ నవ్వాను. వెనకే పక్కింటి సత్తెమ్మ పెద్దమ్మ వచ్చింది, పట్టుచీరలో. ఆమె వెనక వాళ్ళింటి మొగవాళ్ళు. వాళ్ళ వెనక పోచయ్య తాత, ఆయన వెనక పక్క వీధి. నేను నవ్వడం మానేశాను. ఆడవాళ్ళ నుదుట, మొగవాళ్ళ నుదుట, చంకలో పసిపిల్లల నుదుట కూడా వంకరటింకరగా ఒకటే రకం బొట్టు. చిన్న బొటనవేలంత.

"అక్షితా!" అని పిలిచాను. "నువ్వు... నిజంగ పోయినవా, ఇండ్లల్లకు?"

"మరి స్తంభం ఏం మాట్లాడుతలేదు కద చిన్నమ్మా!"

సత్తెమ్మ పెద్దమ్మ నా చేయి పట్టుకుని గాజుల పొట్లం పెట్టింది. కళ్ళు నా పొట్ట మీద ఉన్నాయి. "ఎన్నో నెలనే? ఇంత అర్జంటుగ పిలిచిండ్రంటే అనుకున్నలే!"

"గదేం కాదు," అన్నాడు పోచయ్య తాత. "యాదక్కోళ్ళ బోరుల నీళ్ళు పడ్డయి. కాదంటవా?"

"బోరు కాదు, రమేశ్‌కు నౌకరి వచ్చి ఉంటది," అని ఇంకెవరో అన్నారు. కాదు అందామంటే నోరు రాదు. అవును అందామంటే ఏదని అవును అనాలి? ఈలోగా మామ లేచాడు. నుదురు తడుముకుని, వేలికంటిన కుంకుమ చూసుకుని, లోపలికి పోయి తెల్ల అంగీ తొడుక్కుని వచ్చి బంతిలో మొదట కూర్చున్నాడు.

"మామా, మీరు గూడనా!"

"నాకు బొట్టు పెట్టిండ్రు బిడ్డా," అన్నాడు గంభీరంగా.

సరిగ్గా అప్పుడు రమేశ్ బండి ఆగింది. వెనక నుంచి రెండు సంచులతో అత్తమ్మ దిగింది. వాకిలి చూసింది. బంతి చూసింది. ఆ నుదుళ్ళన్నీ చూసింది. అర్ర గుమ్మంలో రెండు పుస్తకాలు గుండెలకు హత్తుకుని నిలబడ్డ నన్ను చూసింది. నా పుస్తకాల అర్ర ఆయుష్షు ఆ చూపుతోనే తీరిపోయిందనుకున్నాను.

"రండ్రి రండ్రి, జర ఆలస్యమైంది, ఏమనుకోకుండ్రి," అని నవ్వు మొహంతో అందరినీ పలకరించి, నా మణికట్టు పట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకుపోయింది. అక్కడ నవ్వు లేదు.

"ఎవరు పిలిచిండ్రే వీళ్ళను?"

"పుస్తకం, అత్తమ్మా."

"పుస్తకం బొట్టు పెట్టిందా?"

"అది... కుందేలు అందరినీ పిలుస్తది. ఇంకో పుస్తకంల గంజు ఖాళీగ ఉంటది. ఉన్నట్టు అనుకోవాలె."

అత్తమ్మ పొయ్యి మీది చిన్న గిన్నె వంక, నా వంక మార్చి మార్చి చూసింది. "పో, వాకిట్ల చెప్పి రా గా మాట. ఉన్నట్టు అనుకోని తినిపొండ్రి అని చెప్పు."

"అత్తమ్మా, తప్పయింది. అందరికీ దండం పెట్టి పొమ్మంట. పిల్లల ఆట అని చెప్త."

ఆమె ఏదో అనబోయింది. అంతలో బయటి నుంచి కౌసల్యవ్వ మాట వినపడింది. సత్తెమ్మ పెద్దమ్మతో చెబుతోంది. "మా ముసలాయన పోయినంక నాకు బొట్టు పెట్టి ఎవ్వరు పిలిచిండ్రు చెప్పు? చెవుల పడేసి పోతరు గంతే. గా పోరి వచ్చి, వంగమని, నొసట పెట్టి, రా అవ్వా అన్నది. కాళ్ళు లేకున్న దేక్కుంట వచ్చేదాన్ని."

అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటో, మరొకటో నాకు తెలియదు. ఎన్నో పిలుపులకు తిరిగిన మనిషి, కౌసల్యవ్వ గడప దగ్గర ప్రతిసారీ భరిణె మూసి ఉంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది, ఆ ముసలమ్మ కోసమూ, కొంచెం నా అర్ర కోసమూ.

"ఒక్కరు గూడ తినకుండ పోవద్దు," అంది అత్తమ్మ. ఆ తర్వాత ఆమె గొంతు దండు నడిపే గొంతయింది. "రమేశూ, సత్తెక్కోళ్ళింట్ల పెద్ద గంజు తీసుకరా. బియ్యం డ్రమ్ము మూత తియ్యి. శైలజా, చింతపండు నానెయ్యి. ఉల్లిగడ్డలు కొయ్యనీకె నలుగురిని లోపలికి పంపి, నువ్వు బయటికి పో. అన్నం అయ్యేదాక వాళ్ళను ఆపు."

"ఎట్ల ఆపాలె?"

"నీ చేతుల ఉన్నయి కద పుస్తకాలు! పిల్లలను ఆపినట్టు ఆపు."

అలా ఆకలితో ఉన్న వాడకట్టు ముందు నిలబడి, ఖాళీ గంజు కథ చదివిన మొదటి మనిషిని నేనే అయ్యాను. వెనక కూర్చున్నవాళ్ళకు కనపడాలని పుస్తకం పైకెత్తి పట్టాను. "చెప్పండ్రి, ఈ గంజుల ఏమున్నది?"

"ఏం లేదు. మాకు కనవడుతనే ఉన్నది," అన్నాడు పోచయ్య తాత.

"ఉన్నట్టు అనుకోవాలె తాతా. ఇది మబ్బు ముక్కల కూర."

"మబ్బులు చేను మీదికి పంపు బిడ్డా, కూరల దేనికి?"

నవ్వులు లేచాయి. ఆ నవ్వు చల్లారకముందే కౌసల్యవ్వ చేయి ఎత్తింది. "నాకైతే తలకాయ కూర అగుపిస్తాంది. మిరియాలు జర ఎక్కువ పడ్డయి."

"బోటి లేదా అండ్ల?" అని వెనక నుంచి ఒకాయన అడిగాడు.

"అడుగున ఉన్నది, గరిటె తిప్పుమను," అంది సత్తెమ్మ పెద్దమ్మ.

ఇక ఆగలేదు. ఒకరు చేపల పులుసు అన్నారు, ఒకరు పెండ్లినాటి బగారన్నం అన్నారు. పోచయ్య తాత ఎప్పుడో చిన్నప్పుడు వాళ్ళమ్మ చేసిన జొన్నగట్క, మీద ఇంత పుంటికూర, అని చెప్పి కళ్ళు మూసుకున్నాడు. పిల్లలకంటే బాగా ఊహించారని ఒట్టేసి చెబుతాను. డీఎడ్‌లో నాకు పాఠం చెప్పిన సారు ఆ వాకిట్లో ఉండి ఉంటే పుస్తకాలన్నీ తిరగరాసేవాడు.

లోపలి నుంచి అన్నం వచ్చింది, సంచుల్లోని వంకాయలు కూరయి వచ్చాయి, పచ్చిపులుసు వచ్చింది. దాన్ని కాచే పని లేదు. మనుషులు పెరిగినకొద్దీ నీళ్ళు పెరుగుతాయి. ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగితే పలచనైందేమని ఎవరూ అడగరు. మబ్బు కూర తర్వాత ఏది పెట్టినా అమృతమే కదా. తల వంచి అందరూ తిన్నారు. పిల్లలు మాత్రం "గుమ్మడికాయ ఏది?" అని సతాయించారు.

చేతులు కడుక్కునే వేళ సత్తెమ్మ పెద్దమ్మ గాజులు మళ్ళీ బయటకు తీసింది. "ఇంతకూ ముచ్చట ఏందో చెప్పకపోతివి యాదక్కా?"

నేను స్తంభం వెనక్కి జరిగాను. అత్తమ్మ గరిటె పట్టుకుని నడి వాకిట్లో నిలబడింది. అబద్ధం చెప్పే అలవాటు లేదు, నిజం చెప్పే వీలు లేదు.

"మా కోడలు పోరగాండ్ల కోసం బొమ్మల పుస్తకాల అర్ర తెరిచింది. ఇయ్యాల్టి సంది గా అర్ర మీ పిల్లలదే. గందుకే దావత్," అంది.

నా కళ్ళు మసకబారాయి. గాజులేమో అప్పటికే నా చేతికి ఎక్కేశాయి. వాటికి ఎవరు ఏ అర్థం చెప్పుకున్నారో నేను అడగలేదు.

ఊరి ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం మా అత్తమ్మకు చేతకాదు. పత్తి దిగినప్పుడు బస్తాలు పెట్టడానికి ముందరి అర్ర లేదు. ఇల్లంతా కలియజూసి, వాటిని మా ఇద్దరి పడకింట్లో వేయించింది. కొత్త జంటం. నేనేదైనా ముచ్చట చెబితే అవతలి నుంచి రమేశ్ "ఏమన్నవ్? బస్తా అడ్డమున్నది," అనేవాడు. నాకు పడిన శిక్ష అదేనని చాన్నాళ్ళకు అర్థమైంది.

మళ్ళీ పుస్తకాలు కొనడానికి నల్లగొండ పోతుంటే అత్తమ్మ కూడా బయల్దేరింది. నన్ను నమ్మలేదు. ప్రతి పుస్తకాన్నీ నా చేత చదివించుకుంది. ఏనుగు చెరకు గడలు పంచే పుస్తకం ఒకటి నాకు బాగా నచ్చింది.

"ఇండ్ల ఎంతమంది తింటాండ్రు?"

"అడవి మొత్తం, అత్తమ్మా."

"పెట్టెయ్ ఆడ."

చివరికి ఆమె మనసుకు నచ్చింది ఒకటే. చలికి వణికే కుక్కపిల్లకు తన దుప్పటిలో సగం ఇచ్చిన పిల్లవాడి కథ. "తిండి లేదు, పిలుపు లేదు, ఒక్కటే కుక్కపిల్ల. పుస్తకం ఎంచుడంటె గిట్ల ఎంచాలె," అని దారి పొడుగునా నాకు బుద్ధి చెప్పింది.

చలికాలం వచ్చింది. ఒక పొద్దున మామ లేచి గొంగడి కప్పుకోబోయాడు. అది భుజాల దాకే వచ్చింది. ఎంత గుంజినా కిందికి రాదు. పిల్లలు సరిగ్గా నడిమికి ఓపికగా కత్తిరించారు. మిగతా సగం గడ్డివాము వెనక దొరికింది, దాని మీద వీధికుక్క, దాని సంతానం.

"సగం నీకు, సగం దానికి. పంచుకున్నం తాతా," అంది అక్షిత.

అత్తమ్మ నన్ను చూసింది. "చదివింది నువ్వు."

"ఎంచింది మీరు," అన్నాను. ఆ ఇంట్లో నేను ఎదురు చెప్పిన మొదటి మాట అదే. ఆమె ముందు కోపంగా చూసి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

మామ సగం గొంగడి కప్పుకుని మా ఇద్దరినీ చూశాడు. "మీరిద్దరు కలిసి ఇంకో పుస్తకం ఎంచే ముంగట, నన్ను అమ్రాబాద్ అడవిల ఇడిసిపెట్టి రాండ్రి. పులులే నయం."

ఆ రోజే అత్తాకోడళ్ళం వాకిట్లో నిలబడి ప్రమాణం చేశాం. ఇకమీదట ఏ పుస్తకమైనా సరే, ముందు మా ఇంట్లో చదివి, అందులో పంచేది మా ఇంట్లో ఉందా లేదా చూసి, ఉంటే దాచి, ఆ తర్వాతే పిల్లల చేతికి ఇస్తామని. కుంకుమ భరిణె మాత్రం అటుక మీద ఉంటుందని. కౌసల్యవ్వ గడపకు పోయే రోజున దాన్ని అత్తమ్మే తన చేత్తో దింపుతుంది. ఆ ప్రమాణానికి సాక్షిగా స్తంభాన్నే పెట్టుకున్నాం. ఆ ఆదివారం బొట్టు పెట్టించుకుని కూడా భోజనానికి రాకుండా ఆగిన పెద్దమనిషి అదొక్కటే కదా.